మస్టరులో మొదటి పేరు

రోజు 6,204. మొదటి షిఫ్టు.

మస్టరు 44. హాజరు 43. పంటి నొప్పితో సెలవు ఒకరు. ట్యూబులు 43, పగిలినవి లేవు. చుక్క వేసినది 42 మందికి. ఆపినది ఒకరికి: వరుస సంఖ్య 1, పోశం, సర్దారు (గనిలో పని చేయించే మేస్త్రీ). ప్లేట్‌లెట్లు 91,000.

పోశం రక్తం గది కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు.

"ఏంది పెద్దమ్మా, నా చుక్క బందు పెట్టినవట?"

"లక్షకు తగ్గితే ఆపుతాం. ఏడో నియమం. నీకు తెలుసు."

"నిన్న లక్షా నాలుగు వేలుండె. ఇయ్యాల తొంభై ఒకటి. నేను తిన్నది అరుగుతున్నదా, ప్లేట్‌లెట్లు అరుగుతున్నయా?"

"రేపు పెరిగితే మళ్లీ వేస్తాం. ఇవాళ గ్లవ్స్ తీయకు. రాతి మొన తగలకుండా చూసుకో."

"రాజవ్వకు నువ్వే చెప్పుకో. నా మాట నమ్మది."

అతని భార్య రాజవ్వ పక్కనే ల్యాంపు గదిలో ల్యాంపులు అందిస్తుంది. అక్కడి నుంచే అరిచింది. "నాకెందుకు చెప్పుడు? ఇంట్ల గుడ నీ చుక్క నేనే బందు పెట్టిన గద!" వరుసంతా నవ్వింది. నేను నవ్వితే ట్యూబు మీద పేరు తప్పు రాస్తానని నవ్వలేదు.

ఈ పుస్తకం నా తర్వాత ఎవరి చేతికి వెళ్తుందో తెలియదు కాబట్టి ఏడో నియమం ఎందుకు పుట్టిందో రాసి పెడుతున్నాను. మేమున్న ఈ చంద్రుడి మీద నెత్తురు భూమి మీదలా కాళ్లలోకి దిగదు. మెడ సిరల్లో నిలబడిపోతుంది. నిలిచిన నెత్తురులో ప్లేట్‌లెట్లు మేలుకుంటాయి. అప్పటిదాకా నున్నటి బిళ్లల్లా ఉన్నవి ముళ్లు చాచి ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డ కడతాయి. వాటిని నిద్రలో ఉంచడానికే రోజూ నాలుక కింద చుక్క. అసలే ప్లేట్‌లెట్లు తక్కువైన మనిషికి అదే చుక్క వేస్తే చిన్న గాయానికి కూడా నెత్తురు ఆగదు. మా ఆయన కనకయ్య అలాగే పోయాడు. 38,000 ఉన్న రోజున కూడా ఆయనకు చుక్క వేశారు. మంచు పొర తవ్వుతుంటే రాతి మొన తొడకు గీసుకుంది. ఆ రోజుల్లో రక్తం గదిలో అంకెలు ఎవరికి తోచినట్టు వారు వేసుకునేవారు. ఆ నెలలోనే ఈ గదిని నా చేతిలోకి తీసుకున్నాను. పదకొండేళ్లయింది.

మనవరాలు వకుళకు ఇవాళ ఒక మాట గట్టిగా చెప్పవలసి వచ్చింది. ఇరవై ఆరేళ్లది, చదువుకున్నది, నాకు సహాయకురాలిగా వచ్చి ఏడాది దాటింది. పోశం అంకె పక్కన పెన్సిలుతో "మైక్రోస్కోపులో గుంపులు కనిపిస్తున్నాయి" అని రాసింది. రబ్బరుతో తుడిచేశాను.

"నాయినమ్మా, అది ఉత్తగ రాయలేదు. చుక్కెడు నెత్తురు స్లైడు మీద వేసి చూసిన. పది పదిహేను ఒక్క దగ్గర అతుక్కున్నయి. యంత్రం గుంపును లెక్కపెట్టలేదు, ఇడిగా ఉన్నయే లెక్కపెడ్తది."

"నిన్ను స్లైడు చూడమని ఎవరు చెప్పారు?"

"ఎవలు చెప్పాలె? కండ్లు నాయి."

"ఈ పుస్తకంలో యంత్రం చెప్పిన అంకె ఉంటుంది. నీ కళ్లు, నా కళ్లు ఉండవు."

రోజు 6,206.

మస్టరు 44. హాజరు 44. చుక్క ఆపినది ఇద్దరికి. పోశం 86,000. వరుస సంఖ్య 2 వాడికి 98,000.

అందరూ బెంచీల మీద కూర్చుని విసుక్కుంటున్నారు. కొత్త పొర తెరిచాక మస్టరు ఇరవై నుంచి నలభై నాలుగుకు పెరిగింది. పద్ధతి మాత్రం పాతదే. బాయిలోకి, అంటే మంచు గనిలోకి, దిగే ప్రతి మనిషీ ముందు నా కిటికీ దగ్గర చెయ్యి చాపాలి. ట్యూబులు మస్టరు వరుసలో స్టాండులో నిలబడాలి. చివరి మనిషి ట్యూబు వచ్చేదాకా మొదటి ట్యూబు యంత్రంలోకి వెళ్లదు. సగం ముందు, సగం వెనక లెక్కపెడితే పేర్లు తారుమారవుతాయి. ఆ నియమమూ నాదే. పదకొండేళ్లలో ఒక్క పేరు తారుమారు కాలేదు. ఇరవై మందికి అరగంట పట్టేది. ఇప్పుడు గంటా పది నిమిషాలు.

పెద్ద స్టాండు బల్ల మీద పట్టక గోడ గూట్లో పెట్టుకుంటున్నాం. గూడు రాతిని తొలిచి చేసింది. అందులో చెయ్యి పెడితే జివ్వుమంటుందని వకుళ గొణిగింది. పనిచేసే చేతికి చలి తెలియదని చెప్పాను.

రోజు 6,208.

మస్టరు 44. హాజరు 44. తిరిగి పైకి వచ్చినది 43.

పోశం గనిలోకి దిగే వాలు దారి, ఇంక్లైన్, సగంలో కూలబడ్డాడు. పక్కవాడు పట్టుకునేసరికి ఊపిరి అందడం లేదట. డాక్టర్ నిఖత్ దగ్గరికి తెచ్చేటప్పటికే అయిపోయింది. మెడలో కట్టిన గడ్డ ఊపిరితిత్తిలోకి వెళ్లి అడ్డం పడిందని ఆమె చెప్పింది.

సాయంత్రం ఆమె గదికి వచ్చి పోశం పేజీ చూపించమంది. చూపించాను. ఐదు రోజులూ లక్షకు తక్కువే.

"సుభద్రమ్మ గారూ, నాకు ఒక్కటే సమజైతలేదు. ఇంత తక్కువ ప్లేట్‌లెట్లున్న మనిషికి అంత పెద్ద గడ్డ ఎట్ల కట్టింది?"

"చుక్క ఆపితే కట్టవచ్చు కదా."

"కట్టొచ్చు. అయినా కట్టడానికి సరుకుండాలె."

ఆమె కోత కుట్ల డాక్టరు. నెత్తురు సంగతి నా గదిదే అని ఎప్పుడూ అంటుంది. ఇవాళ ఆ మాట అనలేదు.

మరణం నమోదు: పోశం, 49 ఏళ్లు, ఊపిరితిత్తిలో గడ్డ. చుక్క ఆపిన ఐదో రోజు. ఏడో నియమం ప్రకారం.

రాజవ్వ ల్యాంపు గది తలుపు మూసుకుంది. నేను వెళ్లాను. తలుపు తీయలేదు.

రోజు 6,215.

మస్టరు 43. హాజరు 43. చుక్క ఆపినది ఒకరికి (వరుస 2, 97,000).

నా కొడుకు ఓదెలును సర్దారు చేశారు. పోశం స్థానం. ఇన్నాళ్లూ మస్టరులో ముప్ఫై ఒకటో పేరు, ఇవాళ్టి నుంచి మొదటి పేరు. వరుసలో అందరికన్నా ముందు నిలబడి చెయ్యి చాపాడు.

"చూసినవా అమ్మా, నీ కొడుకు ముంగటికొచ్చిండు."

"చెయ్యి కదపకు."

"బడిల గుడ ఎప్పుడన్న ముంగట కూసున్ననా? గింత వయసొచ్చినంక ఫస్టొచ్చిన."

"పోశం పోతే వచ్చావు. నవ్వకు."

నవ్వు ఆపేశాడు. తర్వాత నెమ్మదిగా, "నాకెరుకనే. భయమైతాంది, అందుకే నవ్విన" అన్నాడు. నలభై ఏడేళ్ల మనిషి. ట్యూబు నింపి గూట్లో ఉన్న స్టాండు మొదటి చిల్లులో పెట్టాను.

ప్లేట్‌లెట్లు 1,31,000. నిన్న ముప్ఫై ఒకటో చిల్లులో ఉన్నప్పుడు 2,18,000. ఇంత తేడా ఒక్క రోజులోనా అని రెండుసార్లు యంత్రంలో పెట్టాను. రెండోసారి 1,26,000. యంత్రం సరిగానే ఉంది.

రోజు 6,219.

మస్టరు 43. హాజరు 42. ఓదెలు 1,04,000. ఆహారంలో ఇనుము పెంచమని చెప్పాను. ఇనుముకూ దీనికీ సంబంధం లేదని వకుళ అంది. నిజమే. ఏదో ఒకటి చెప్పాలని చెప్పాను.

రోజు 6,222.

మస్టరు 43. హాజరు 43. చుక్క ఆపినది ఇద్దరికి. వరుస 2. వరుస 1.

ఓదెలు 84,000.

కొడుకైనా నియమం నియమమే. కనకయ్యకు ఆ రోజు ఎవరో మొహమాటపడి చుక్క వేశారు. నేను మొహమాటపడను.

వకుళ స్టాండు పట్టుకుని నిలబడి ఏడ్చింది. ఓదెలు దాని తండ్రి. "నాయినమ్మా, ఆపకు. పోశం మామకు ఇట్లనే ఆపినవ్."

"పోశానికి తక్కువ ఉంది కాబట్టి ఆపాను."

"తక్కువ లేకుండె! ఎన్నిసార్లు చెప్పాలె? గుంపులు కట్టినయి. బాపువి గుడ కట్టినయి, ఇప్పుడే చూసిన. నువ్వొక్కసారి వచ్చి చూడు. ఒక్కసారి కన్ను పెట్టు, ఏమైతది?"

"గుంపులు కడుతున్నాయంటే మనిషి ఒంట్లోనే కడుతున్నాయేమో. అప్పుడు అది ఇంకా పెద్ద జబ్బు. నువ్వు స్లైడులో చూసింది ఒంట్లో జరిగిందో, ట్యూబులో జరిగిందో ఎలా చెప్పగలవు?"

ఆ ప్రశ్న వేసినందుకు వాదనలో గెలిచానని అప్పుడు అనుకున్నాను. ఇది కూడా నమోదు చేస్తున్నాను.

రోజు 6,226. రెండో షిఫ్టు.

మొదటి షిఫ్టు అంకెలు తర్వాత ఎక్కిస్తాను. ముందు జరిగింది రాయాలి.

మస్టరులో చెయ్యి చాపినప్పుడు ఓదెలు ముఖం ఎడమ వైపు ఉబ్బి ఉంది. చొక్కా గుండీ పెట్టుకోలేకపోయాడు. మెడలో తాడంత లావున సిర తేలింది. ఎడమ చెయ్యి నీలంగా ఉంది. "రాత్రి వంకరగ పండుకున్న, గంతే" అన్నాడు. నేను ట్యూబు నింపి గూట్లో పెట్టి, అతన్ని డాక్టర్ దగ్గరికి పంపించాను. చివరి మనిషి వచ్చేదాకా ఆగి లెక్కపెట్టాను. 79,000.

డాక్టర్ నిఖత్ కబురు పంపింది. మెడ సిరలో గడ్డ. అది కదిలితే పోశం దారే. కరిగించే మందు ఉంది. కానీ ఆ మందుకు రక్తం గది సంతకం కావాలి. లక్షకు తక్కువ ఉన్న మనిషికి అది ఎక్కిస్తే మెదడులో నెత్తురు కారుతుంది. ఇది కూడా నేను రాయించిన నియమమే.

నేను వెళ్లేసరికి వకుళ అక్కడే ఉంది. నన్ను అడగకుండా తండ్రి చేతి నుంచి ఇంకో ట్యూబు తీసి, చంకలో పెట్టుకుని, ఆస్పత్రిలో ఉన్న చిన్న యంత్రం దాకా పరుగెత్తిందట. తీయడం, లెక్కపెట్టడం కలిపి నాలుగు నిమిషాలు.

"రెండు లక్షల ఇరవై ఆరు వేలు" అంది.

డాక్టర్ నా వైపు చూసింది. "సుభద్రమ్మ గారూ, ఒక్క మనిషికి రెండు అంకెలు. డెబ్బై తొమ్మిది వేలంటే మందిస్తే సస్తడు. రెండు లక్షలంటే ఇయ్యకుంటే సస్తడు. ఏది నిజం? నాకు జల్ది చెప్పాలె."

"చంకలో పెట్టుకున్న ట్యూబు లెక్కలోకి రాదు" అన్నాను. నోటి నుంచి అదే వచ్చింది.

ఓదెలు మంచం మీద నుంచి, "అమ్మా, నెత్తురు నాదేనే, ఏడ పెడితే ఏంది?" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది.

ఇంకో అరగంట ఉంటే మరో ట్యూబు తీసి నా గదిలో మళ్లీ లెక్కపెట్టి చూపించగలను. అరగంట లేదు. ఈ పుస్తకం చంకలోనే ఉంది. తెరిచాను. పోశం పేజీ కాదు, మస్టరు పేజీలు తెరిచాను. అంకెలను పేర్ల పక్కన కాకుండా వరుస సంఖ్యల పక్కన చదివాను. నేను ఎప్పుడూ అలా చదవలేదు. మనుషుల్ని మనుషులుగా చూడాలని పేర్లే చూసేదాన్ని.

మస్టరు పెరిగినప్పటి నుంచి చుక్క ఆపినవి పది రోజులకు పైనే. అన్నీ ఒకటి, రెండు సంఖ్యల్లోనే. మూడు నుంచి ఆరు దాకా రోజూ లక్షకు కాస్త పైన. పది నుంచి పైకి వెళ్తున్నకొద్దీ పెరుగుతూ, నలభై దాటాక అందరూ రెండు లక్షల పైనే. ముప్ఫై ఒకటో చిల్లులో ఉన్న ఓదెలు 2,18,000. మొదటి చిల్లులో ఉన్న ఓదెలు 79,000. పోశం కూడా ఇరవై మంది మస్టరున్నప్పుడు 1,90,000కు తగ్గలేదు. గంటా పది నిమిషాలు రాతి గూట్లో చల్లగా నిలబడిన ట్యూబులో ప్లేట్‌లెట్లు మేలుకుని ఒకదాన్నొకటి పట్టుకుంటున్నాయి. ఎవరు ముందు చెయ్యి చాపితే వాళ్లవి ఎక్కువగా. ఒంట్లో కాదు. నా గూట్లో.

"ఆస్పత్రి మైక్రోస్కోపు ఎక్కడ?" అని అడిగాను.

వకుళ స్లైడు పెట్టి పక్కకు జరిగింది. చంకలో పెట్టిన ట్యూబుది. కన్ను ఆనించాను. విడివిడిగా, నున్నగా, నిండుగా ఉన్నాయి. దాని పక్కనే తను వెంట తెచ్చిన గూటి ట్యూబు స్లైడు పెట్టింది. ముళ్లు చాచుకుని, ద్రాక్ష గుత్తుల్లా అతుక్కుని ఉన్నాయి. మధ్యలో అంతా ఖాళీ. యంత్రం ఆ ఖాళీని లెక్కపెట్టి నాకు ఇచ్చింది. నేను దాన్ని ఎర్ర సిరాతో రాసుకున్నాను.

సంతకం పెట్టాను. పేరు వంకరగా పడింది. కొట్టివేసి మళ్లీ పెట్టడానికి సమయం లేదు.

మందు ఎక్కించడం మొదలైంది. డాక్టర్ నన్ను బయట కూర్చోమంది. కూర్చోలేదు. మొదటి షిఫ్టు అంకెలు కింద ఎక్కించాను. మస్టరు 43. హాజరు 43. ఈ రోజు ఎవరికీ చుక్క ఆపలేదు. వరుస 2 వాడిని పిలిపించి నా చేత్తో వేశాను.

రోజు 6,227.

ఓదెలు ప్రాణంతో ఉన్నాడు. ముఖం వాపు దిగింది. ఎడమ చేతిలో పట్టు రాలేదు. వస్తుందో రాదో డాక్టర్ చెప్పడం లేదు. డ్రిల్లు పట్టే చెయ్యి అదే.

నా నెత్తురే రెండు ట్యూబుల్లో తీసి పరీక్ష చేశాను. ఒకటి చంకలో, వెంటనే లెక్క: 1,96,000. రెండోది గూట్లో, గంటా పది నిమిషాల తర్వాత: 71,000. తనదీ చూడమని వకుళ అడిగింది. దానిది వెంటనే లెక్కపెడితే 2,40,000, గూట్లో 93,000. ఇద్దరం బతికే ఉన్నాం, ఆరోగ్యంగానే ఉన్నాం. నియమం ప్రకారం ఇద్దరికీ చుక్క ఆపాలి.

ఇకపై ట్యూబు తీసిన వెంటనే లెక్క. స్టాండు గూట్లో పెట్టరాదు. వరుస కోసం ఆగరాదు. పేరు తారుమారైతే మళ్లీ తీయవచ్చు.

వకుళ అడిగింది. "నాయినమ్మా, మొదటి రోజే నువ్వు చూసి ఉంటె పోశం మామ..."

"అవును."

"నేనే ఇంకా గట్టిగ లొల్లి చెయ్యాల్సి ఉండె."

"నువ్వు చెప్పావు. తుడిచింది నేను. నీ వంతు దానిలో కలపకు."

రోజు 6,230. మొదటి షిఫ్టు.

మస్టరు 43. హాజరు 42 (ఓదెలు ఆస్పత్రిలో). ట్యూబులు 42. చుక్క వేసినది 42 మందికి.

చుక్కలు వేయకముందు బెంచీల ముందు నిలబడి పుస్తకం చదివాను. గూటి సంగతి, వరుస సంగతి, రెండు ట్యూబుల అంకెలు. తర్వాత ఈ వాక్యం చదివాను: "పోశం ప్లేట్‌లెట్లు తగ్గలేదు. లెక్క తగ్గింది. చుక్క ఐదు రోజులు ఆపిన సంతకం నాది."

రాజవ్వ ల్యాంపు గదిలోంచి బయటికి వచ్చింది. చేతిలో ల్యాంపు ఉంది. ఎవరికి ఇవ్వాలో మరిచిపోయినట్టుంది.

"మా ఆయనకు నిజంగ ఎన్నుండె?"

"తెలియదు రాజవ్వా. ట్యూబు కడిగేశాం."

"అందాజగ?"

"కొలవకుండా చెప్పలేను."

"ఇంతమంది నెత్తురు లెక్కపెడ్తవ్. నా మొగనిది తెల్వదంటవ్."

నేను పాత పేజీలు తిప్పాను. "పాత లెక్కల ప్రకారం రెండు లక్షల దగ్గర ఉండి ఉంటాయి" అన్నాను.

"రాయి."

"కొలవని అంకె పుస్తకంలో..."

"రాయి పెద్దమ్మా."

6,204 పేజీ తీసి 91,000 మీద ఒక్క గీత గీశాను. కింది అంకె కనిపించేలా. దాని పైన "సుమారు రెండు లక్షలు" అని రాశాను. ఈ పుస్తకంలో సుమారు అనే మాట ఇంతకు ముందు లేదు. పుస్తకం ఆమె వైపు తిప్పాను. ఆమె ఒక్కో అక్షరం కింద వేలు పెట్టుకుంటూ చదివింది.

"రేపటి సంది నా నెత్తురు వకుళ తీస్తది. నువ్వు నా చెయ్యి పట్టద్దు."

"సరే."

"అది గుడ రాయి."

రాశాను.